రబ్బరు ముద్రల పనికి మన్నికైన పిగ్మెంట్ ప్యాడ్ల ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మా ఇంటి ముందుగదిలో ఆదివారం పూట రబ్బరు ముద్రలతో శుభలేఖలు, తాంబూలం సంచులు, పుస్తకాల అట్టలు చేసుకోవడం నేర్పుతుంటాను. వచ్చేవారు బొబ్బిలి నుంచి వచ్చినా, శ్రీకాకుళం నుంచి వచ్చినా అడిగే సందేహాలు మాత్రం దాదాపు ఒకటే కనుక, వాటిని పని సాగే క్రమంలో ఇక్కడ రాసిపెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మన్నిక అనే మాటను మాత్రం రెండు అర్థాలలో వాడవలసి వచ్చింది: ముద్ర కాగితం మీద నిలవడం ఒకటి, ప్యాడ్ డబ్బాలో పాడుకాకుండా ఉండడం మరొకటి. మొదటిది సిరాలో ఏముందన్న దానిని బట్టి, రెండవది మన చేతి అలవాట్లను బట్టి ఉంటుంది.

## కొనక ముందు

బజారులో దొరికే ఊదారంగు స్టాంపు ప్యాడ్ ఉండగా పిగ్మెంట్ ప్యాడ్ ఎందుకు కొనాలి?

ఆఫీసులలో వాడే ప్యాడ్‌లో ఉండేది డై సిరా. మిథైల్ వయొలెట్ వంటి రంగును నీటిలోనో, గ్లిజరిన్, గ్లైకాల్ వంటి ద్రవాలలోనో పూర్తిగా కరిగించి దానిని తయారు చేస్తారు. కరిగిన రంగు కాగితపు పీచులోకి ఇంకిపోతుంది కాబట్టి క్షణాలలో ఆరుతుంది. అయితే అదే కారణంగా వెలుతురు సోకినప్పుడు ఒక్కొక్క అణువూ విడివిడిగా దెబ్బతిని రంగు వెలిసిపోతుంది, తడి తగిలితే పాకుతుంది. ఫైలులో మూసి ఉంచే రసీదుకు ఇది చాలు. గోడకు వేలాడదీసే పటానికో, ఏళ్ళ తరబడి దాచుకునే శుభలేఖకో చాలదు.

పిగ్మెంట్ సిరాలో రంగు కరగదు. మెత్తని పొడిగానే ఉండి, దానిని కాగితానికి అతికించే బంధక పదార్థంలో తేలుతూ ఉంటుంది. అద్దినప్పుడు ఆ పొడి కాగితం పైననే పొరలా నిలుస్తుంది. ఒక్కొక్క రేణువులో అసంఖ్యాకమైన అణువులు గుంపుగా ఉండడం వలన వెలుతురు పైనున్న వాటిని మాత్రమే ముందుగా తాకుతుంది, లోపలివి చాలాకాలం భద్రంగా ఉంటాయి. మన పెద్దలు గోడలకు వేసిన జాజు, సున్నం కూడా ఈ కోవలోనివే.

డబ్బా మీద ‘పర్మనెంట్’ అని ఉంటే రంగు వెలిసిపోదని అర్థమేనా?

కాదు. ఆ మాట చాలావరకు నీటిని తట్టుకోవడాన్ని మాత్రమే సూచిస్తుంది. నీటికి చెదరకపోవడం, వెలుతురుకు వెలవకపోవడం, ఆమ్లం లేకపోవడం అనేవి మూడు వేరువేరు గుణాలు. నీటిలో నానబెట్టినా కదలని సిరా కిటికీ వెలుతురుకు పాలిపోవచ్చు. వెలుతురును చక్కగా తట్టుకునే పిగ్మెంట్ సిరా తడివేలితో రుద్దితే అలుక్కుపోవచ్చు. నేను తొలి రోజులలో ‘పర్మనెంట్’ అన్న ముద్ర చూసి కొన్న గులాబీరంగు ప్యాడ్‌తో చేసిన తోరణం ఒకటి, పడమటి కిటికీ పక్కన ఒక్క వేసవి గడిచేసరికి ఉల్లిపొర రంగుకు వచ్చింది. డబ్బా మీద ‘పిగ్మెంట్’, ‘లైట్‌ఫాస్ట్’ లేదా ‘ఫేడ్ రెసిస్టెంట్’, ‘యాసిడ్ ఫ్రీ’ అన్న మాటలు విడివిడిగా ఉన్నాయేమో చూసుకోవడం మంచిది.

అన్ని పిగ్మెంట్ రంగులూ ఒకే విధంగా నిలుస్తాయా?

నిలవవు. కొత్తవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. నలుపు సాధారణంగా కార్బన్, అంటే శుద్ధి చేసిన మసి. దానిని వెలుతురు దాదాపు ఏమీ చేయలేదు. తెలుపు టైటానియం డయాక్సైడ్. ఇటుక ఎరుపు, గోధుమ, కావి రంగులు చాలావరకు ఇనుము ఆక్సైడ్లు. ఇవి నేలలో దొరికే జాజు, పసుపుమన్ను జాతికి చెందినవి, కనుక ఎంతో గట్టివి. థాలోసయనిన్ అనే వర్ణకంతో చేసిన నీలం, ఆకుపచ్చ రంగులు కూడా బాగా నిలుస్తాయి. చౌకరకం ఎరుపు, గులాబీ, పసుపు, నారింజ రంగుల విషయంలో కొంత సందేహించాలి. కళ్ళు చెదిరే ఫ్లోరసెంట్ రంగులు నిజానికి డైని ప్లాస్టిక్ రేణువులలో బంధించినవే. ‘పిగ్మెంట్’ అని పిలిచినా అవి త్వరగా వెలిసిపోతాయి. బంగారు, వెండి మెరుపులు సాధారణంగా అభ్రకపు పొడితో వస్తాయి. ఆ పొడి వెలుతురును తట్టుకుంటుంది కానీ వేలితో రాస్తే రాలుతుంది. ఒకే ప్యాడ్ కొనగలిగితే నలుపు కొనండి, రెండవది ముదురు గోధుమరంగు.

కంపెనీ మాట నమ్మకుండా ఇంట్లోనే పరీక్షించుకునే వీలుందా?

ఉంది, ఖర్చు కూడా లేదు. మీరు రోజూ వాడే కాగితం మీద ఒక్కొక్క ప్యాడ్‌తో ఒక్కొక్క ముద్ర వేసి, పక్కన పెన్సిలుతో ప్యాడ్ పేరు, తేదీ రాయండి. ఒక రోజంతా ఆరిన తరువాత ప్రతి ముద్రలో సగభాగాన్ని మందమైన నల్ల అట్టతో కప్పి, క్లిప్పులతో బిగించి, ఎండ పడే కిటికీ అద్దానికి లోపలివైపు అతికించండి. మార్చి నుంచి మే వరకు మన ఎండలు ఈ పనికి ఎంతో అనుకూలం. రెండు నెలల తరువాత అట్ట తీస్తే, కప్పిన సగానికీ విప్పిన సగానికీ మధ్య గీత గీసినట్టు తేడా కనిపిస్తే ఆ రంగును పటాలకు వాడకండి. నీటి పరీక్ష కోసం మరొక ముద్ర మీద ఒక చుక్క నీరు వేసి, నిమిషం ఆగి, తెల్లని గుడ్డతో అద్దండి. రుద్దితే కాగితపు పీచు లేచి ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

## కొనేటప్పుడు

పేరు చెప్పండి, ఏ ప్యాడ్ తీసుకోమంటారు?

పని చెబితేనే పేరు చెప్పగలను. సన్నని గీతలు, చిన్న అక్షరాలు ఉన్న ముద్రలకు జపాన్‌కు చెందిన సుకినెకో సంస్థ వారి వెర్సాఫైన్ నా మొదటి ఎంపిక. అది నూనె ఆధారిత పిగ్మెంట్ సిరా, కనుక మిగతా పిగ్మెంట్ల కంటే త్వరగా ఆరి, ఆరిన తరువాత నీటిని కూడా బాగా తట్టుకుంటుంది. పెద్ద పువ్వులు, నిండు ఆకృతులు, ఎంబాసింగ్ పొడితో (తడి ముద్ర మీద చల్లి వేడి చేస్తే కరిగి ఉబ్బెత్తు పొరగా గట్టిపడే పొడితో) చేసే పనికి అదే సంస్థ వారి వెర్సాకలర్, గుడ్డకు వెర్సాక్రాఫ్ట్ అనుకూలం. సంస్థ పేరు ఒక్కటే చూసి తీసుకోకూడదు. మెమెంటో కూడా వారిదే, కానీ అది డై సిరా. స్టేజాన్ అనేది ద్రావకంతో, అంటే నీటికి బదులు త్వరగా ఆవిరయ్యే రసాయన ద్రవంతో, చేసిన సిరా. గాజు, ప్లాస్టిక్, లోహం వంటి ఇంకని వస్తువుల కోసం ఉద్దేశించినది. ఇవేవీ మన ఊళ్ళలోని స్టేషనరీ దుకాణాలలో సాధారణంగా కనిపించవు. మా విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల దుకాణాలలో ‘స్టాంపు ప్యాడ్’ అని అడిగితే ఆఫీసు ప్యాడ్ ఇస్తారు, వారి తప్పు కాదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసి ఉంటుంది.

తెలుగు అక్షరాల స్టాంపు వేస్తే వొత్తులన్నీ పూడుకుపోతున్నాయి. ప్యాడ్ లోపమా, స్టాంపు లోపమా?

సాధారణంగా రెండింటి పొత్తు కుదరకపోవడమే లోపం. మన లిపిలో సుడులు, గుడులు, అక్షరం కింద వేలాడే వొత్తులు ఎక్కువ. పిగ్మెంట్ సిరా చిక్కగా ఉండి, ఫోమ్ ప్యాడ్ మెత్తగా ఉండి, పైనుంచి మనం గట్టిగా నొక్కితే సిరా గీతల మీదనే కాక గీతల మధ్యనున్న గుంటలలోకి కూడా దిగుతుంది. అప్పుడు ‘కథ’లోని చుక్క మాయమై ‘కధ’ అవుతుంది. శుభలేఖ నెత్తిన ఉండే ‘అవిఘ్నమస్తు’లో ‘ఘ్న’ నల్లని బొట్టుగా మారుతుంది. ఆంగ్ల అక్షరాల స్టాంపుతో చక్కగా పనిచేసిన ప్యాడ్ తెలుగు స్టాంపుతో విఫలం కావడానికి కారణం ఇదే. ఆన్‌లైన్‌లో ప్యాడ్లకు వచ్చే మెచ్చుకోళ్ళు చదివేటప్పుడు దీనిని గుర్తుంచుకోవాలి.

పరిష్కారం మూడు చోట్ల ఉంది. స్టాంపు చేయించేటప్పుడే అక్షరం ఎత్తు, వొత్తును మినహాయించి, 4 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడమని, గుంటలు లోతుగా చెక్కమని చెప్పండి. అక్షరాలకు బిగువైన ఉపరితలం ఉన్న, సన్నగీతల కోసం ఉద్దేశించిన ప్యాడ్‌ను ఎంచుకోండి. ఇక వేసే పద్ధతి: స్టాంపును ప్యాడ్ మీద నొక్కకుండా, స్టాంపును వెల్లకిలా పట్టుకుని ప్యాడ్‌తో దాని మీద చంటిబిడ్డకు పౌడరు అద్దినంత తేలికగా నాలుగైదుసార్లు తట్టండి. మొదటి ముద్ర ఎప్పుడూ చిత్తుకాగితం మీదనే వేయాలి.

ఫోమ్ ప్యాడ్ మంచిదా, ఫెల్ట్ ప్యాడ్ మంచిదా?

చిక్కని పిగ్మెంట్ సిరాను పైకి తేగలిగేది స్పాంజి వంటి ఫోమే కాబట్టి పిగ్మెంట్ ప్యాడ్లు ఎక్కువగా ఆ రకంలోనే వస్తాయి. ఫెల్ట్, అంటే పీచును ఒత్తి చేసిన మందపాటి గుడ్డ, గట్టిగా ఉంటుంది, పల్చని డై సిరాకు సరిపోతుంది. ఖాళీ ఫెల్ట్ ప్యాడ్ కొని పిగ్మెంట్ సిరా పోసి డబ్బు మిగుల్చుకుందామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. పొడి లోపలే చిక్కుకుని, పైకి పల్చని ద్రవం మాత్రమే వస్తుంది.

చిన్న ప్యాడ్లు పన్నెండు రంగులలో తీసుకోవాలా, పెద్దది ఒకటి తీసుకోవాలా?

ప్యాడ్ అంచు డబ్బా కంటే ఎత్తుగా ఉంటే అంగుళం ప్యాడ్‌తో కూడా అరచేయంత స్టాంపును తడపవచ్చు. కనుక రంగులు పరిచయం చేసుకోవడానికి చిన్నవి, నలుపు మాత్రం పెద్దది. ఏ ప్యాడ్‌కు విడిగా రీఫిల్ సీసా దొరుకుతుందో దానినే ఎంచుకోండి. రీఫిల్ లేని ప్యాడ్ ఎంత చౌక అయినా చివరికి ఖరీదైనదే.

పార్సిల్ విప్పగానే పాత సరుకో కాదో ఎలా తెలుసుకోవాలి?

శుభ్రమైన వేలితో మధ్యన ఒకసారి, నాలుగు మూలలా ఒక్కొక్కసారి తాకి, ఆ వేలిని తెల్లకాగితం మీద అద్దండి. మధ్యన దట్టంగా, మూలల పల్చగా వస్తే ప్యాడ్ ఎండడం మొదలైంది. ఉపరితలం మీద పెచ్చులా గట్టిపడిన పొర కనిపిస్తే వెంటనే తిప్పి పంపండి. మూత ‘టక్’మని బిగుసుకోకపోతే సిరా ఎంత మంచిదైనా ఆ డబ్బా వద్దు.

పిల్లలు వాడవచ్చా?

నీటి ఆధారిత పిగ్మెంట్ ప్యాడ్లను పెద్దల సమక్షంలో వాడవచ్చు. విషరహితమని, అమెరికాలోని ఏసీఎంఐ సంస్థ ఇచ్చే ‘ఏపీ’ ముద్ర ఉన్నదని చూసి తీసుకుంటే మరింత నిశ్చింత. ద్రావకంతో చేసిన సిరాలను పిల్లల చేతికి ఇవ్వకూడదు, తలుపులు మూసిన గదిలో పెద్దలూ వాడకూడదు.

## ముద్ర వేసేటప్పుడు

నిగనిగలాడే శుభలేఖ అట్ట మీద మూడు రోజులైనా ఆరలేదు. ఏం చేయాలి?

ఆ అట్ట మీద అది మూడు వారాలకైనా ఆరకపోవచ్చు. సాధారణ పిగ్మెంట్ సిరాలోని ద్రవం కొంత గాలిలోకి, కొంత కాగితంలోకి పోతేనే పొడి గట్టిపడుతుంది. పూత పూసిన అట్ట దానిని లోపలికి రానివ్వదు. ఇప్పటికే వేసిన వాటి మీద, సిరా తడిగా ఉన్నంతలో, పారదర్శకమైన ఎంబాసింగ్ పొడి చల్లి, మిగిలినది దులిపి, హీట్ గన్‌తో (బాగా వేడిగాలి ఊదే పనిముట్టుతో) కరిగిస్తే ముద్ర మీద గట్టి పొర ఏర్పడి రక్షిస్తుంది. ముందుగా ఆలోచించుకునే వీలుంటే పూత లేని 250 లేదా 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) అట్ట తీసుకోండి. ముత్యపు మెరుపు అట్టలు కూడా పూత అట్టలే, చేతికి గరుకుగా తగిలినా సరే.

శుభలేఖ మూలలకు తడిపసుపు అద్దితే ముద్ర పాడవుతుందా?

డై సిరా అయితే తప్పక పాకుతుంది. నీటి ఆధారిత పిగ్మెంట్ అయినా పూర్తిగా ఆరకముందు పసుపు తగిలితే అంచు చెదురుతుంది. అక్షరాలను నూనె ఆధారిత పిగ్మెంట్‌తో వేసి, ఒక రోజు ఆరనిచ్చి, పసుపును నీళ్ళలో జారుగా కాక ముద్దగా కలిపి, ముద్రకు అంగుళం దూరంలో అద్దడం క్షేమం. తమాషా ఏమిటంటే, ఇంత జాగ్రత్తా తీసుకున్నాక ముందుగా వెలిసిపోయేది పసుపే. దానికి రంగునిచ్చే కర్క్యుమిన్‌కు వెలుతురంటే గిట్టదు.

గోధుమరంగు క్రాఫ్ట్ సంచుల మీద తెల్లని బొమ్మ తేలడం లేదు.

తెలుపు కనిపించాలంటే అడుగు రంగును కప్పగలగాలి, ఆ శక్తి పిగ్మెంట్‌కు మాత్రమే ఉంది. డైలో తెలుపు అంటూ ఉండదు. పిగ్మెంట్ తెలుపు కూడా తడిలో పల్చగా కనిపించి, ఆరినకొద్దీ తేరుతుంది కనుక అరగంట ఆగి చూడండి. అప్పటికీ చాలకపోతే తెల్లని ఎంబాసింగ్ పొడి చల్లి కరిగించండి. సీతంపేట వైపు సవరలు ఎర్రమన్ను గోడల మీద తెల్లగా వేసే బొమ్మల తీరులో స్టాంపులు చెక్కించుకున్నవారు క్రాఫ్ట్ కాగితం మీద ఈ పద్ధతిని ఒకసారి ప్రయత్నించాలి. ఆ సన్నని చేతులూ కాళ్ళూ తెలుపులో తేలినంత అందంగా నలుపులో తేలవు.

పొందూరు ఖద్దరు మీద పిగ్మెంట్ ముద్ర ఉతికినా నిలుస్తుందా?

గుడ్డ కోసం చేసిన పిగ్మెంట్ సిరా అయితే నిలుస్తుంది. కాగితం ప్యాడ్ అయితే రెండు ఉతుకులకే పోతుంది. కొత్త చేనేత వస్త్రంలో నేతకోసం నూలుకు పట్టించిన గంజి ఉంటుంది. దానిని వదిలేలా ముందుగా ఉతికి, మళ్ళీ గంజి పెట్టకుండా ఆరవేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు అద్దాలి, లేకపోతే రంగు గంజికి పట్టుకుని గంజితోపాటే పోతుంది. చేతితో వడికిన నూలు ఎగుడుదిగుడుగా ఉండడం వలన సన్నగీతలు తెగిపోతాయి. లావుపాటి గీతల బొమ్మలు ఎంచుకోండి. ఒక రోజు ఆరిన తరువాత ముద్ర మీద పల్చని నూలుగుడ్డ పరచి, ఆవిరి లేకుండా, నూలు వేడిలో ఇస్త్రీపెట్టెతో డబ్బా మీద సూచించినంతసేపు వేడి చేయాలి. మొదటి ఉతుకు వారం తరువాత, చల్లని నీటిలో.

పలాస జీడిపప్పు పొట్లాల మీద వేసుకోవచ్చా?

బయటి అట్టపెట్టె మీద వేసుకోవచ్చు. పప్పుకు తగిలే లోపలి కాగితం మీద వద్దు. విషరహితమని రాసి ఉన్నంత మాత్రాన ఆ సిరా తినుబండారాలకు తగలడానికి ఉద్దేశించినది కాదు.

కొత్త పారదర్శకమైన స్టాంపు మీద సిరా చుక్కలుగా విడిపోతోంది.

ఫొటోపాలిమర్ స్టాంపుల మీద తయారీలో మిగిలిన నునుపైన పొర ఉంటుంది. పెన్సిలు గీతలు చెరిపే మెత్తని తెల్లరబ్బరుతో తేలికగా రుద్దితే పోతుంది. ఎర్రరబ్బరు స్టాంపులకు ఈ బెడద తక్కువ. ద్రావకపు సిరాలు ఫొటోపాలిమర్‌ను పాడుచేయగలవు కనుక వాటిని రబ్బరు స్టాంపులతోనే వాడాలి.

## ఆరబెట్టేటప్పుడు

వానాకాలంలో ఎంతసేపు ఆరబెట్టాలి?

వేసవిలో గంటలో ఆరే ముద్రకు వానలలో ఒక పూట, కళింగపట్నం, బారువ వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఒక రోజంతా పట్టినా ఆశ్చర్యపడనక్కరలేదు. చిక్కు ఏమిటంటే ఆషాఢం దాటగానే శ్రావణ ముహూర్తాల శుభలేఖలు సరిగ్గా ఆ ఉక్కపోతలోనే చేయవలసి వస్తుంది. ఒక ఏడాది నేను నూట యాభై శుభలేఖలు సాయంత్రం వేసి, తాకి చూస్తే చేతికి అంటలేదన్న ధైర్యంతో రాత్రి దొంతి పెట్టాను. తెల్లవారి చూస్తే ప్రతి శుభలేఖ వీపు మీద కింది దాని వినాయకుడు తిరగబడి కనిపించాడు. పైపొర ఆరినా లోపల తడి మిగిలి, పైనున్న బరువుకు అది పక్క కాగితానికి ఎక్కింది. అన్నీ మళ్ళీ చేశాను.

అప్పటి నుంచి ముద్ర వేసినవి విడివిడిగా దండెం మీద క్లిప్పులతో వేలాడదీసి, ఫ్యాను కింద 24 గంటలు ఉంచుతున్నాను. ఆ తరువాత కూడా మధ్య మధ్య బటర్ పేపరు పెట్టి, పైన ఏ బరువూ లేకుండా సర్దుతాను. తొందర ఉన్నప్పుడు హీట్ గన్‌ను కొంత దూరం నుంచి కదుపుతూ వేడి చేయవచ్చు. ఒకేచోట నిలిపితే అట్ట వంకరపోతుంది.

హీట్ గన్ బదులు జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ సరిపోతుందా?

మామూలుగా ఆరబెట్టడానికి కొంత సాయపడుతుంది. ఎంబాసింగ్ పొడిని కరిగించడానికి సరిపోదు; డ్రయ్యర్‌కు వేడి తక్కువ, గాలి ఎక్కువ, పొడి కరగకముందే ఎగిరిపోతుంది.

## ప్యాడ్‌ను కాపాడుకునేటప్పుడు

ప్యాడ్ ఎండిపోతోంది. కాసిని నీళ్ళు పోయవచ్చా?

పోయకండి. నీరు పోస్తే బంధక పదార్థం పల్చబడి, ఆరిన తరువాత పొడి కాగితాన్ని పట్టుకోలేక రాలిపోతుంది. పైగా మన తేమకు రెండు వారాలలో బూజు పడుతుంది. స్పిరిట్, కొబ్బరినూనె, ఆఫీసు స్టాంపు సిరా కూడా ఇదే విధంగా హాని చేస్తాయి. అదే పేరు, అదే రంగు రీఫిల్‌ను వరుసలుగా చుక్కలు వేసి, చెంచా వీపుతో మెల్లగా ఒత్తి పరచి, ఒక రాత్రి మూతపెట్టి ఉంచండి. ఒకేసారి నిండా పోసిన ప్యాడ్ నెల రోజుల వరకు మచ్చలే వేస్తుంది.

ప్యాడ్లను తలకిందులుగా పెట్టాలంటారు, నిజమేనా?

పల్చని సిరా ప్యాడ్లకు అది ఎక్కువగా పనికివస్తుంది, సిరా ఉపరితలానికి చేరుతుంది. చిక్కని పిగ్మెంట్ అంత త్వరగా కదలదు. బల్లపరుపుగా, ఎండ తగలకుండా, రేకు కప్పు గదిలో కాకుండా ఉంచితే చాలు. మూత తెరిచిపెట్టి కాఫీకి వెళ్ళడం ప్యాడ్లను చంపినంతగా మరేదీ చంపదు.

చేతికాగితం పీచు ప్యాడ్‌కు అంటుకుని ముద్రలో వెంట్రుకల్లా వస్తోంది.

ఒక్కొక్క ముద్ర తరువాత స్టాంపును తడిగుడ్డ మీద ఒకసారి అద్ది, తుడిచి, అప్పుడే మళ్ళీ ప్యాడ్ తాకించండి. ప్యాడ్ మీద ఇప్పటికే ఉన్న పీచును పట్కారుతో ఏరివేయండి.

ఎండిన పిగ్మెంట్ స్టాంపు గీతలలో గట్టిపడింది. కిరోసిన్‌తో తుడవవచ్చా?

కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ రబ్బరును ఉబ్బిస్తాయి, వద్దు. గోరువెచ్చని నీటిలో సబ్బు నురగ చేసి, మెత్తబడిన పాత పళ్ళ బ్రష్‌తో గుండ్రంగా రుద్దండి. నూనె ఆధారిత సిరాకు దాని కోసం చేసిన క్లీనరు వాడాలి. చెక్కపిడి స్టాంపులను నీటిలో నానవేస్తే జిగురు ఊడిపోతుంది. పారదర్శకమైన స్టాంపులను ఎండలో ఆరబెడితే పచ్చబడతాయి కనుక నీడలో ఆరవేయండి.

రీఫిల్ పోస్తూనే ఉన్నాను. ప్యాడ్‌ను ఎప్పుడు మార్చాలి?

వేలితో నొక్కిన గుంట తిరిగి లేవనప్పుడు, లేదా ఫోమ్ నలుసులు ముద్రలో కనిపించినప్పుడు. సిరా తక్కువై కాదు, స్పాంజి అలసిపోయి. మిగిలిన రీఫిల్ సీసాను పారేయకండి. అదే రంగు కొత్త ప్యాడ్‌కు పనికివస్తుంది.